ఓరుగల్లు మట్టికోట, మా చెరువు కట్ట



ఓరుగల్లు కోట అంటే అందరూ తోరణం ముందు నిలబడి ఫోటో పెడతరు. నేను కూడా ఒకటి దిగిన, పెట్టిన. కానీ ఇప్పుడు రాసేది తోరణం గురించి కాదు. ఆ కోట చుట్టూ ఒక మట్టి గోడ ఉంది. దాన్ని చూసి వచ్చినప్పటి సంది మా ఊరి చెరువు కట్ట నా మనసుల మెదులుతనే ఉంది. రెండూ కలిపి రాస్తున్న. జర పెద్దగ ఉంటది, పనులు ఒడిసినంక తీరికగ చదవండి.

మొన్న ఎనుమాముల మార్కెట్టుకు 38 బస్తాల మిర్చి తీసుకపోయిన. పదకొండు గంటలకల్లా కాంటా అయింది. ధర సంగతి ఇక్కడ ఎత్తను, ఎత్తితే పోస్టంతా అదే అయితది. మా సరుకు తెచ్చిన డీసీఎం డ్రైవరు సాయంత్రం ఆరు దాటినంకనే బయల్దేరుత అన్నడు. చేతిల బోలెడంత టైము. ఎప్పుడూ వరంగల్ వచ్చుడు, కాంటా పెట్టుడు, మళ్ల బండెక్కుడు ఇదే పని. ఈసారి ఆటో పట్టుకొని ఖిలా వరంగల్ పోయిన.

స్టేషన్ దిక్కు నుంచి పోతుంటే ముందుగాల మట్టికోట తగులుతది. ఆటోల కూసున్నోనికి అది కోట అని తెల్వనే తెల్వదు. పొదలు మొలిచిన పెద్ద దిబ్బ లెక్క కనపడతది. "గదే కాకా మట్టికోట" అని ఆటో పిలగాడు చూపిస్తే తల తిప్పి చూసిన. ఇంకొంత దూరం పోతే కందకం, దాని వెనుక రాతికోట, పడమటి దర్వాజ. అక్కడ దిగి నడుసుకుంట పోయిన.

కోట దర్వాజ అంటే మన గడీలకు ఉన్నట్టు ఎదురుంగ తలుపు, తలుపు తీస్తే సక్కగ లోపలికి అనుకుంటం కదా. ఇది అట్ల కాదు. లోపల అడుగు పెట్టంగనే ఎదురుంగ గోడ. పక్కకు తిరగాలె, కొంచెం నడిచి మళ్లీ తిరగాలె, అప్పుడు గని ఊర్లకు చేరవు. నాలుగు దిక్కుల నాలుగు దర్వాజలు, నాలుగూ ఇదే తీరు. ఈ వంకరలన్నీ కలిపి పటంల గీస్తే కోట స్వస్తిక్ గుర్తు లెక్క వస్తదని చరిత్రకారులు రాసిండ్రు. ఎందుకట్ల కట్టిండ్రు అంటే, ఏనుగుతోని తలుపు గుద్దించాలంటే అది ఉరికొచ్చేటందుకు సక్కటి జాగ కావాలె. వంకర తిప్పితే దాని ఊపు అక్కడనే చచ్చిపోతది. పైన గోడ మీద నిలబడ్డ సిపాయికి కింద తిరిగే శత్రువు వీపు దొరుకుతది. మనం కూడా నీళ్లు మరీ ఉరికొస్తుంటే కాలువను వంకర తిప్పి మడికి మళ్లిస్తం, లేకుంటే గట్టు కోసుకపోతది. తెలివి అదే తెలివి.

ఇప్పుడు ఆ వంకరల్లనే ఆటోలు, ట్రాక్టర్లు హారన్ కొట్టుకుంట తిరుగుతున్నయి. కోట లోపల ఊరు బతికే ఉంది. ఇండ్లున్నయి, కిరాణా కొట్లున్నయి, పొలాలున్నయి. ఒక దర్వాజ గోడకు ఎవరో బర్రెను కట్టేసిండ్రు. పట్నంల మ్యూజియం లెక్క అద్దాల వెనుక పెట్టిన చరిత్ర కంటే నాకు ఇదే మంచిగ అనిపించింది.

రాతికోట గోడ సంగతి. పెద్ద పెద్ద రాళ్లు చెక్కి ఒకదాని మీద ఒకటి కూసోబెట్టిండ్రు. నడుమ సున్నం లేదు, బెల్లం లేదు. వేలు పెట్టి చూసిన, సందు దొరకలే. చుట్టూ 45 బురుజులు. అయితే లోపలి దిక్కు పోయి చూస్తే అసలు కథ తెలుస్తది. బయటికి కనపడే రాయికి వెనుక మట్టి కట్ట ఉంది. దాని మీద రాతి మెట్లు పేర్చిండ్రు, సిపాయిలు యాడికాడ పైకి ఉరికేటట్టు. అంటే రాతికోటను కూడా వెనుక నుంచి ఆపి పెట్టింది మట్టే.

రాతికోట అడ్డం కొలత సుమారు 1.2 కిలోమీటర్లు. మట్టికోట 2.4 కిలోమీటర్లు. అక్కడ నీడకు కూసోని ఫోన్ల లెక్క కట్టిన. రాతికోట లోపల దగ్గర దగ్గర 280 ఎకరాలు, మట్టికోట లోపల 1,100 ఎకరాల పైన. వీటికి బయట మూడోది ఇంకో మట్టి కట్ట ఉండేది, దాని అడ్డం 12.5 కిలోమీటర్లు. దాన్ని లెక్క కడితే 30 వేల ఎకరాలు వచ్చింది. రెండుసార్లు కట్టిన, అదే వచ్చింది. అంత జాగల ఉత్త ఇండ్లే ఉండవు కదా. చెరువులు, పొలాలు, పశువులు మేసే బీడు అన్నీ లోపల పెట్టుకొనే గోడ కట్టిండ్రన్నట్టు. పట్నం అంటే తిండి పండించే జాగ కూడా అని ఆనాటి రాజులకు ఎరుకే.

ఇంటర్ల నాది హెచ్ఈసీ గ్రూపు, చరిత్ర కొంత యాదికుంది. కాకతీయుల రాజధాని మొదట హనుమకొండ. ఓరుగల్లుకు మార్చి ఈ కోటను పెద్దగ కట్టించింది గణపతిదేవుడు. 1199 నుంచి 1262 దాకా ఏలిండు. పని పూర్తి చేసింది ఆయన బిడ్డ రుద్రమదేవి. ఇక్కడ మన రైతులు గమనించాల్సింది ఒకటి ఉంది. పాకాల చెరువు, రామప్ప చెరువు కట్టింది కూడా ఆ గణపతిదేవుని కాలంలనే. ఇక్కడ కోటకు మట్టి మోస్తున్న రోజుల్లనే అక్కడ చెరువులకు మట్టి మోస్తున్నరు. ఇప్పటికీ పాకాల కింద నర్సంపేట దిక్కు వరి పండుతనే ఉంది.

తోరణాలు, గుడి జాగ చూసిన. నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు నిలబడ్డయి, నడుమ ఉండాల్సిన స్వయంభూ శివుని గుడి లేదు. విరిగిన స్తంభాలు, చెక్కిన హంసలు, ఏనుగులు నేల మీద వరుసగ పేర్చి పెట్టిండ్రు. వాకిలి మిగిలింది, ఇల్లు పోయింది. పిల్లలు రీల్స్ చేసుకుంటున్నరు. ఖుష్ మహల్ పక్కనే, అది కాకతీయుల తర్వాతి కాలంది, పెద్ద కమాన్ల హాలు. ఇవన్నీ అరగంటల అయిపోయినయి. నాకు మట్టికోట మీదనే ఉంది మనసు.

మళ్ల రాతికోట దాటి బయటికి వచ్చి పొలాల నడుమ బాట పట్టి నడిచిన. రెండు గోడల నడుమ ఉన్న జాగ అది. ఒక పెద్దమనిషి పాలకూర మడిల కూసోని కట్టలు కడుతున్నడు. డెబ్బై దాటి ఉంటయి.

"ఏ ఊరు తమ్మీ?" అన్నడు. చెప్పిన. "మిర్చి తెచ్చినవా? ఎంత పడ్డది?"

"అడగకు కాకా" అన్న. నవ్విండు. ఇంక ధర మాట ఎత్తలే.

మట్టికోట ఎక్కాలని వచ్చిన అంటే వింతగ చూసిండు. "తోరణాలు చూసెతందుకు వస్తరు గని దీన్ని ఎక్కెతందుకు ఎవరొస్తరు" అని, గొర్లు ఎక్కే బాట చూపించి తను కూడా వెనుక వచ్చిండు. ఆయన నాకంటే ముందుగాల ఎక్కిండు, అది వేరే ముచ్చట.

పైన నిలబడంగనే నాకు అర్థమైంది, ఇది కోట కాదు, చెరువు కట్ట. కాకపోతే నీళ్లు బయట ఉన్నయి, ఊరు లోపల ఉంది. బయట కందకం తవ్విండ్రు. తవ్విన మట్టిని దూరం మోయకుండ పక్కకే పోసి కట్ట లేపిండ్రు. ఒకటే మట్టికి రెండు పనులు. మనం చెరువుల మట్టి తీసి కట్టకు పోసే లెక్కనే. మట్టిని ఒకటేసారి కుప్ప పోస్తే నిలబడదు. మూరెడు మూరెడు పోసి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టి, ఎడ్లతోని తొక్కించి, అది గట్టి పడ్డంక మళ్ల పొర పొయ్యాలె. అడుగున వెడల్పు, పైకి పోను పోను సన్నం. అడుగు వెడల్పే కట్టకు ప్రాణం. ఇది చదువుకున్నోళ్లు చెప్తే నేర్చుకునే విద్య కాదు, తరాల సంది మట్టి పని చేసే వడ్డెరోళ్ల చేతుల్ల ఉన్న విద్య. రాజు పేరు శాసనాల్ల ఉంది. గంపలు మోసినోళ్ల పేర్లు ఆ కట్ట కిందనే ఉన్నయి.

ఎంత గట్టిగ కట్టిండ్రంటే, 1310ల ఢిల్లీ నుంచి మాలిక్ కాఫర్ సైన్యం వచ్చి ఓరుగల్లును ముట్టడించినప్పుడు ముందు ఈ మట్టి గోడనే వాళ్లను ఆపింది. ఢిల్లీ సుల్తాను దగ్గర ఉన్న అమీర్ ఖుస్రో ఆ దండయాత్ర గురించి రాసిండు. ఉక్కు బల్లెం కూడా ఆ మట్టిల దిగదని శత్రువు తరఫు కవే మెచ్చుకున్నడు. కడకు కందకం పూడ్చి దారి చేసుకున్నరు. అంటే మట్టిని గెలవనీకి మళ్ల మట్టే కావాల్సి వచ్చింది. ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చి సంధి చేసుకున్నడు.

1323ల కోట పోయిన తీరు మాత్రం రైతు ఎవడన్నా చదివితే మనసున పడతది. ఉలుగ్ ఖాన్, అంటే తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయినాయన, మొదటిసారి ముట్టడించి, తన సైన్యంలనే గడబిడ లేసి వెనుకకు పోయిండు. ఇంక రారులే అని కోటల పండుగ చేసుకున్నరు, దాచిన గింజలు ఖర్చయిపోయినయి. ఇసామి అనే ఆ కాలం చరిత్రకారుడు ఈ సంగతి రాసిండు. కొన్ని నెలలల్లనే ఉలుగ్ ఖాన్ కొత్త సైన్యంతోని మళ్ల వచ్చి చుట్టు ముట్టిండు. గోడలు అట్లనే ఉన్నయి, లోపల తిండి లేదు. ప్రతాపరుద్రున్ని పట్టుకొని ఢిల్లీకి తీసుకపోతుంటే నర్మద ఒడ్డున పాణం పోయింది. దర్వాజలు ఎన్ని వంకరలు తిప్పినా గరిసెల గింజ లేకపోతే ఏం చేస్తరు.

కట్ట మీద కొంత దూరం నడిచినం. ఒక కాడ బాట కోసం ఎప్పుడో కట్టను తెంపిండ్రు. ఆ తెంపిన ముఖం చూస్తే పొరలు పొరలుగ కనపడ్డది, ఎర్ర మట్టి, మొరం, మళ్ల ఎర్ర మట్టి. అయితే తెంపిన కాడ రెండు పక్కలా కట్ట జారుతున్నది. ముట్టని కాడ గట్టిగ ఉంది. "వానకాలం వచ్చినప్పుడల్లా ఇంత జారుతది" అని కాక చేతులు చాపి చూపించిండు. "నా చిన్నప్పుడు ఈ బాటల బండి ఒక్కటే పట్టేది. ఇప్పుడు లారీ పడతది. ఎవరూ తవ్వలే, దానంతటదే."

నేను అక్కడ చానాసేపు నిలబడ్డ. ఎందుకో చెప్త.

మా ఊరి చెరువు కట్ట వెనుక వాలు పొంటి పొలాల బాట ఉంది. ట్రాక్టర్ పడతది, డీసీఎం పట్టదు. అందుకని మిర్చి అయినా వడ్లయినా పొలం కాడ ట్రాక్టర్ల ఎక్కించి, మెయిన్ రోడ్డు కాడ దించి, మళ్ల డీసీఎంల ఎక్కించాలె. హమాలీ, కిరాయి కలిపి బస్తాకు 20 రూపాయలు ఎక్కువ పడతది. మొన్నటి 38 బస్తాలకు 760 రూపాయలు. వరి కోతలప్పుడు చూస్తే ఊరంతటికీ ఎంతయితదో మీరే లెక్క కట్టుండ్రి. అందుకని పిలగాండ్లు అంటున్నరు, జేసీబీ పెట్టి కట్ట వెనుక వాలు ఆరు ఫీట్లు చెక్కితే బాట వెడల్పయితది, ఆ మట్టే బాట మీద పోస్తే మొరం ఖర్చు కూడా తప్పుతది అని. ఒక్క రోజు పని. ఈ మాట ముందట పడి చెప్తున్నది మా తమ్ముని కొడుకే. వాడు చెప్పే లెక్కల తప్పు లేదు. నాకు కూడా ఏడాదికి వేల రూపాయలు మిగులుతయి.

కానీ చెక్కేది అడుగు. మట్టికోట మీద నిలబడి చూసింది అదే. నీళ్లు నిండినప్పుడు కట్టను నెట్టేది పైన కాదు, అడుగున. వెనుక వాలు సన్నబడితే ఊట బయటికి వచ్చే దారి దగ్గరైతది. ఊట మట్టిని మోసుకొచ్చుడు మొదలైతే బుంగ పడతది. బుంగ పడ్డంక రాత్రికి రాత్రే. 2024 సెప్టెంబర్ మొదట్ల పడ్డ వానలు యాదికున్నయి కదా, మహబూబాబాద్ దిక్కు చెరువులు తెగినయి, రైలు పట్టాల కింద మట్టే కొట్టుకపోయి పట్టాలు గాలిల వేలాడినయి. ఆ రాత్రి మా చెరువు మత్తడి మోకాలెత్తు దుంకింది. తూము పక్కన ఊట కనపడితే ఇరవై మందిమి తెల్లారేదాకా ఇసుక బస్తాలు మోసినం. మా తమ్ముని కొడుకు కూడా మోసిండు. కట్ట నిలబడ్డది. ఉన్న అడుగుతోని అంత కష్టంగ నిలబడ్డదాన్ని ఆరు ఫీట్లు చెక్కుదామా?

సరే, మళ్ల కోటకు వస్త. దిగుతుంటే ఆ కాకను అడిగిన, ఈ గోడ ఇన్నేళ్లు మిగిలింది కదా, మీ ఊరోళ్లు కాపాడుకున్నరా అని. ఆయన వెంటనే జవాబు చెప్పలే. రాతికోట దగ్గర ఉన్న ఆయన ఇల్లు చూపించిండు. పాత పెంకుటిల్లు. కొడుకు మేడ కట్టుకుందామన్నడట. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త ఇల్లు కట్టరాదు, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా పర్మిషన్ ఉంటేనే కట్టాలె. 2010ల చట్టం సవరించి పెట్టిన రూలు అది. మరమ్మతుకు కూడా పర్మిషన్. కొడుకు పట్నంల కిరాయి ఇంట్ల ఉంటున్నడు. "గోడ మిగిలింది తమ్మీ, దాని బదులు నా కొడుకు పోయిండు" అన్నడు. కోపంగ అనలే. పాలకూర కట్టకు నార చుడుతా అన్నడు.

కోట మంచిదే, చట్టం మంచిదే, నాకు తెలుసు. ఆ రూలే లేకపోతే ఈపాటికి బురుజుల మీద ప్లాట్లు పడేవి. కానీ చూసి పోయే నాలాంటోడు "ఆహా" అనుడు అల్క. దాని పక్కన బతికేటోడు రోజూ ఏదో ఒకటి ఇడుస్తనే ఉన్నడు. పైసలు వద్దంటున్నా నాలుగు కట్టలు చేతిల పెట్టిండు. మిర్చి నాలుగు కాయలైనా తెచ్చుంటే బాగుండు అనిపించింది.

రాత్రి డీసీఎంల వస్తుంటే ఒకటే ఆలోచన. కట్టను చెక్కొద్దు అని ఊర్లె చెప్పుడు అల్క. మరి బాట ఎట్ల? 760 రూపాయలు ఎవరిస్తరు? ఉత్తగ వద్దంటే పిలగాండ్లు ఎందుకు ఇంటరు?

బాట రెండో దిక్కుకు వెడల్పు చెయ్యొచ్చు. పొలాల దిక్కు. అక్కడ బాట పొంటి నాలుగు మడులున్నయి, అందుల మొదటిది నాదే. తెల్లారి టేపు పట్టుకొని పోయి కొలిచిన. నా మడి బాట పొంటి 180 ఫీట్లు. ఆరు ఫీట్ల వెడల్పు ఇస్తే 1,080 చదరపు ఫీట్లు, అంటే దగ్గర దగ్గర గుంట. చెరువు కింది తరి పొలం గుంట, రెండు పంటలు పండే జాగ. ఇంట్ల చెప్తే మా ఇంటామె "గుంట ఇస్తే ఇచ్చినవు గని, ఆ గట్టు మీది రెండు కొబ్బరి చెట్లు నేను పెట్టినయి" అన్నది. చెట్లు బాటల పడకుండ చూడొచ్చా అని మళ్ల పోయి కొలిచిన. ఒకటి పడతది, ఒకటి మిగులుతది. చెప్పిన. ఇంక ఏమనలే.

మిగిలిన ముగ్గురిల ఇద్దరిని అడిగిన. ఒకాయన అప్పటికప్పుడే సరే అన్నడు. రెండో ఆయన, తీసిన జాగకు సర్వేయర్‌ను పిలిచి హద్దు రాళ్లు పాతాలె, కాగితం రాసుకోవాలె అన్నడు. న్యాయమైన మాటే, అట్లనే చేద్దామన్న.

మూడో మడి మా తమ్మునిది. వానిది అందరికంటే పొడుగు, 240 ఫీట్లు, గుంట దాటి పోతది. వాడు ఊకొట్టిండు గని ఔనన్లే, కాదన్లే. కొడుకు పక్కనే నిలబడి విన్నడు. ఎల్లుండి వాళ్ల మిర్చి కూడా ఎనుమాములకు పోతున్నది, 52 బస్తాలు. వాళ్లతోని నేను కూడా పోతున్న. కాంటా అయినంక ఇద్దరినీ ఆటో ఎక్కించి మట్టికోట ఎక్కిస్త. ఆ తెంపిన కాడికి.